మగవారి ఆరోగ్యం: చేయవలసినవి - చేయకూడనివి

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల్లో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చే వేళకు మగవారు చెరువు గట్టునో, మిల్లులోనో ఉంటారు. పరీక్షలన్నీ ఆడవారికే జరుగుతాయి. మగవారి జబ్బు ముదిరాకే బయటపడుతుంది. కింది సూచనలు మగవారికీ, వారి ఇంటివారికీ.

చేయవలసినవి

- 30 ఏళ్లు దాటితే ఏటా బీపీ, షుగరు చూపించుకోండి. ఊళ్లోని ప్రభుత్వ క్లినిక్‌లో ఉచితం.

- ఛాతీ పట్టేసి చెమటలు పోస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

- చేపల చెరువులో పని చేశాక జ్వరం, పిక్కల నొప్పి వస్తే నీటిలో దిగిన సంగతి డాక్టరుకు చెప్పండి. ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు.

- చెరువులోని ఏరియేటరు ముట్టుకునే ముందు కరెంటు మెయిన్ ఆపండి.

- పాము కరిస్తే కరిచిన కాలిని కదలనివ్వకుండా ఆసుపత్రికి చేర్చండి.

- దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించుకోండి.

- నోటిలో పుండు రెండు వారాల్లో మానకపోతే చూపించండి. ఖైనీ, గుట్కా అలవాటున్నవారు అసలు ఆలస్యం చేయవద్దు.

- పిల్లలు చాలనుకుంటే ఆపరేషన్‌కు మీరే ముందుకు రండి. కుట్లు లేని వేసెక్టమీ ఆడవారి ఆపరేషన్ కంటే చిన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవారిలో నూటికి సుమారు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నారు. భర్త చేయించుకున్న జంటలు నూటికి ఒకటి కూడా లేవు. సిగ్గుపడవలసిన లెక్క ఇది.

- వేసెక్టమీ అయ్యాక కనీసం మూడు నెలలు కండోమ్ వాడండి. వీర్యంలో శుక్రకణాలు లేవని పరీక్షలో తేలాకే మానండి.

- అప్పులతోనో, నష్టంతోనో బతుకు మీద విరక్తి కలిగితే మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చేయకూడనివి

- ఛాతీ నొప్పిని గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి.

- బీపీ తగ్గిందని మీ అంతట మీరు మాత్ర మానకండి. తగ్గించింది ఆ మాత్రే.

- ఉల్లి మార్కెట్లో, రైసు మిల్లులో మూటలు మోసేవారు రోజూ నొప్పి మాత్రలు మింగకండి, కిడ్నీలు దెబ్బతింటాయి.

- పాము కాటును కోయకండి, నోటితో పీల్చకండి, బిగించి కట్టకండి, మంత్రగాడి కోసం ఆగకండి.

- బస్టాండు గోడల మీది ‘మగతనం’ పోస్టర్లు నమ్మి లాడ్జి వైద్యుల దగ్గరికి వెళ్లకండి. అంగస్తంభన తగ్గడం షుగరుకో, గుండె జబ్బుకో తొలి సూచన కావచ్చు.

- పిల్లలు పుట్టకపోతే భార్యనొక్కదాన్నే ఆసుపత్రుల చుట్టూ తిప్పకండి; మీ వీర్య పరీక్ష మొదటే చేయించండి.

- తాగి దోనె ఎక్కకండి, తాగి రాత్రి చెరువు కాపలాకు వెళ్లకండి.

- పురుగుమందు కొట్టినప్పటి బట్టలతో, పాత బ్యాటరీలు విప్పిన చేతులతో ఇంట్లోకి రాకండి. 2020 డిసెంబరులో ఏలూరులో ఫిట్స్‌తో వందల మంది ఆసుపత్రి పాలైనప్పుడు రక్త నమూనాల్లో, బ్యాటరీల్లో ఉండే సీసం, నికెల్ బయటపడ్డాయి.

- పురుగుమందు, బ్యాటరీ పని బట్టలను ఇంటివారి బట్టలతో కలపకండి, భార్య చేత ఉతికించకండి.

- ‘ఆడపిల్లలా ఏడుస్తావేంరా’ అని మగపిల్లల నోరు మూయించకండి. రేపు నొప్పి వచ్చినా చెప్పరు.

- వేసెక్టమీ చేయించుకున్నవారిని వెక్కిరించకండి; మగతనం ఏమీ తగ్గదు.

- వేసెక్టమీ ఆపరేషన్ అయ్యాక వారం వరకు మూటలు మోయకండి.