ఈ-మెయిలు హెచ్చరికయు విత్తనపు చీటీయు

రామారెడ్డి ప్రాంతపు రైతు ధ్రువీకృత వరి విత్తనము కొనునపుడు సంచికి కుట్టిన నీలిరంగు చీటీని ముందుగా చూచును. పంట, రకము, లాటు నంబరు, పరీక్ష తేది, గడువు దానిపై నుండును. గడువు దాటిన సంచిని తెలిసినవాడు కొనడు. సంఘ కార్యాలయమున ఈ-మెయిలు తెఱచినపుడెల్ల వచ్చు భద్రతా హెచ్చరికయు నిట్టి చీటీని గూర్చినదే.

ఉత్తరములకై మన కంప్యూటరు సర్వరును చేరినపుడు ఆ సర్వరు తన సర్టిఫికెటును చూపును. అందు సర్వరు పేరు, సర్టిఫికెటు నిచ్చిన సంస్థ పేరు, గడువు తేదులు నుండును. వీనిలో నేది సరిపడకున్నను హెచ్చరిక వచ్చును. "అవును" అని నొక్కినచో ఆ పూటకు పని జరుగును గాని కారణము తొలగదు. తెగులు సోకిన ఆకును త్రుంచినంతమాత్రమున తెగులు పోదని పొలములందు మేము చెప్పుచుందుము, ఇదియు నట్టిదే.

ఇందలి నష్టము చిన్నది కాదు. దినదినము "అవును" నొక్కుటకు అలవాటుపడిన చేయి, మోసపు సర్వరు నడుమ నిలిచిననాడును అట్లే నొక్కును. అంతట పాస్‌వర్డు పరుల పాలగును. సభ్యుల అప్పుల లెక్కలు, బ్యాంకు ఖాతాల నంబర్లు వారు చదువగలరు. సంఘము పేరిట దొంగ ఉత్తరములు పంపగలరు. 2014 జూలైలో మన నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటరు నుండియే గూగులు పేర్లకు అనధికార సర్టిఫికెట్లు జారీయైనట్లు బయటపడగా వానిని రద్దుచేసిరి. అట్టిచోటనే పొరపాటు జరిగినపుడు, హెచ్చరిక వచ్చిన సర్టిఫికెటును చదువక నమ్ముట తగదు.

కావున ఈ క్రమమున పరీక్షింపవలెను.

1. మొదట కంప్యూటరు తేదిని చూడుడు. కరెంటు పోయినపుడెల్ల తేది వెనుకకు పోవుచున్నచో లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయినదని తలంపవచ్చును. దానిని మార్పించి, తేదిని సంవత్సరముతో సహా దిద్దుడు.

2. తేది సరియైనచో సర్టిఫికెటును తెఱచి అందలి పేరు చదువుడు. ఈ-మెయిలు సంస్థవారిచ్చిన సర్వరు పేరుతోను, మన అమరికలోని పేరుతోను అక్షరమక్షరము పోల్చుడు. వేఱు పేరు కనబడినచో పాస్‌వర్డు ఇయ్యకుడు.

3. గడువు తీరినచో దానిని మార్చవలసినవారు సర్వరు నడుపువారే. పాత రసీదులోని నంబరుకు ఫోను చేసి తెలుపుడు. హెచ్చరికలో కనబడు నంబరుకు చేయకుడు.

4. సర్టిఫికెటు నిచ్చిన సంస్థను కంప్యూటరు గుర్తింపకున్నచో అది పాతబడియుండవచ్చును. విండోస్ 7కు మైక్రోసాఫ్టు మద్దతు 2020 జనవరి 14తో ముగిసినది. అట్టి యంత్రమును సంఘపు ఉత్తరములకు వాడరాదు.

ఇదివఱకే సందేహాస్పదమైన చోట పాస్‌వర్డు ఇచ్చియున్నచో మఱియొక కంప్యూటరు నుండి వెంటనే మార్చవలెను. సొమ్ము పోయినచో ఆలసింపక 1930కి ఫోను చేయవలెను. సభ్యులును తమ సంఘమున ఈ హెచ్చరిక యేల వచ్చుచున్నదని గుమాస్తాను అడుగుదురుగాక. విత్తనపు చీటీ చదువు కన్నులకు ఈ చీటీ కష్టము కాదు.