తొట్టి యడుగు మన్ను

రైతులు వేసవిలో చెరువు పూడికమట్టిని బండ్లకెత్తి తమ పొలములకు తోలుకొందురు. చూచుటకు నల్లగా నుండి, ముక్కునకు వెగటైన ఆ మట్టియందు బలమున్నదని వారెఱుగుదురు. పెక్కు పుస్తకములు చదివిన నేను మాత్రము ఈ సంగతిని ఒక గాజుతొట్టివలన, అదియును ఆలస్యముగా, నేర్చుకొంటిని.

నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న పాఠశాలలో, సామాన్యశాస్త్రపు గదియందు ఒక గాజుతొట్టి యుండెడిది. దాని యడుగున మన్నును ఇసుకయు, అందు వేళ్లూనిన వాలిస్నేరియా మొక్కలు, వాని నడుమ పండ్రెండు చిన్న చేపలు నుండెను. ఎనిమిదవ తరగతి బాలుడొకడు రెండేండ్లుగా దానిని శ్రద్ధతో కనిపెట్టుచుండెను.

క్రమముగా మొక్కల యాకులు పసుపువాఱెను, ఇసుక నల్లబడెను. అంతలో పాఠశాల తనిఖీ దినము సమీపించెను. “ఈ మురికినంతయు నేడే తీసివేసి క్రొత్త ఇసుక పోయుము” అని నేనాజ్ఞాపించితిని.

“అయ్యా! ఒక్కమారుగా తీసినచో చేపలకు కీడు కలుగునేమో! కొంచెము కొంచెముగా తీసెదనండి” అని బాలుడు వినయముతో పలికెను. నేను వినలేదు. ఆ సాయంకాలమునకే అడుగంతయు మారెను. నీటిని వడకట్టు స్పంజిని సైతము కుళాయిక్రింద పిండి కడిగించితిని. మఱునాడు తనిఖీ అధికారిగారు తొట్టిని చూచి మెచ్చుకొనిరి.

నాలుగవనాటికి చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుచుండెను. వారము తిరుగులోపల తొమ్మిది చచ్చిపోయెను. “ఏమి మేత వేసితివి?” అని నేను బాలుని గద్దించితిని. వాడు తలవంచుకొని నిలిచెనేగాని మాటాడలేదు.

కారణమును మా సామాన్యశాస్త్రోపాధ్యాయులు చెప్పిరి. చేపల విసర్జనములనుండియు, కుళ్లిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. అది చేపలకు విషము. ఇసుకరేణువులను, స్పంజిని అంటిపెట్టుకొని యుండు కొన్ని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును. నైట్రైటు కూడ విషమే. వేఱు కొన్ని జీవులు దానిని నైట్రేటుగా మార్చును. నైట్రేటు చేపలకు అంత హాని చేయదు, మొక్కలకది ఆహారము. ఇట్టి సూక్ష్మజీవులను రష్యాదేశపు శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున వేఱుచేసి చూపెను. మురికియని నేను పాఱబోయించినది ఆ జీవుల నివాసమును!

మఱునాడు ప్రార్థనాసమయమున అందఱియెదుట ఆ బాలునితో “తప్పు నాది, నీది కాదు” అని చెప్పితిని. దినదినము కొంత నీరు మార్చి, మేత తగ్గించి, మిగిలిన మూడు చేపలను వాడు బ్రదికించెను. అటుపిమ్మట అడుగు మార్చవలసివచ్చినప్పుడెల్ల వాడు చెప్పిన రీతినే చేసితిమి.

ఆ రీతి యిది. మొక్కలు మాత్రము నీరసించి, అడుగు బాగుగా నున్నచో దానిని మార్చనక్కఱలేదు. ఎరువు కలిపిన బంకమట్టి యుండలను వేళ్లచెంత లోతుగా గ్రుచ్చిన చాలును. మన్ను గడ్డకట్టి కుళ్లిన గ్రుడ్డు కంపు కొట్టుచున్నచో మార్పు తప్పదు. ప్రాణవాయువు చొరని యడుగున పుట్టు హైడ్రోజన్ సల్ఫైడుదే ఆ కంపు. ముందుగా చేపలను ఆ తొట్టినీటితోనే నింపిన బక్కెట్టులోనికి మార్చవలెను. అడుగున నాలుగవ వంతును మాత్రమే రబ్బరుగొట్టముతో, నీటితోపాటు లాగివేయవలెను. క్రొత్త ఇసుకపై వెనిగరు చుక్క వేసి చూడవలెను. నురుగు పొంగినచో అందు సున్నపురాయి యున్నదని గ్రహించి దానిని విడువవలెను. మంచి ఇసుకను నీరు తేటపడువఱకు కడిగి పోయవలెను. క్లోరిన్ సూక్ష్మజీవులను చంపును గనుక, కుళాయినీటిని వెడల్పైన పాత్రలో ఒక దినము నిలువయుంచి వాడవలెను. స్పంజిని ఆ దినమున ముట్టరాదు. మూడు వారములు గడచిన పిదపనే రెండవ భాగమును మార్చవలెను. ఈలోపల పాత ఇసుకలోని జీవులు క్రొత్తదానియందును నెలకొనును.

తొట్టి మరల పచ్చనయ్యెను. నాటి అధికారిగారి మెప్పుమాటలు నాకిప్పుడు జ్ఞప్తికి రావు. ఆ బాలుడు తలవంచుకొని నిలిచిన తీరు మాత్రము నేటికిని మఱవలేదు.

బాలలారా! పాతదానిని మార్చుట తప్పు కాదు. మార్చుటకు ముందు, దాని నాశ్రయించి యెవరెవరు బ్రదుకుచున్నారో విచారింపుడు. దానిని దినదినము చూచుచున్నవాని మాట చెవినిడుడు.