షుగర్ ఉంది, మడమ నొప్పి ఉంది, ఆగస్టులో మారథాన్ ఉంది

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో వస్తుంది. ఫుల్‌కి తయారవ్వాలంటే నాలుగు నెలలకు తక్కువ కాదు. అంటే ఏప్రిల్, మే ఎండల్లో మొదలుపెట్టి జూలై ఉక్కలో లాంగ్ రన్‌లు చెయ్యాలి. అప్రైజళ్లు, జూన్ క్వార్టర్ క్లోజింగ్, పిల్లల స్కూళ్లు తెరవడం, అన్నీ ఈ నెలల్లోనే పడతాయి. వీటికి తోడు ఒంట్లో షుగరో, బీపీయో, ఆస్తమానో ఉందంటే ఒక ఉద్యోగం కాదు, మూడు చేస్తున్నట్టు లెక్క.

పరుగెత్తాలా మానాలా అనే చర్చ ఇక్కడ ఎత్తను. మీరు ఎలాగూ పరుగెత్తుతారు. ఫీజు కట్టేశారు, మేనేజర్ కార్పొరేట్ టీమ్‌లో మీ పేరు ఇచ్చేశాడు, వాట్సాప్ గ్రూపులో అందరికీ తెలిసిపోయింది. కాబట్టి ఎక్కడెక్కడ చెడుతుందో చూసుకుందాం. చాలామందిని జబ్బు ఒక్కటే దెబ్బతియ్యదు. అలిసిపోయిన బుర్రతో అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయం దెబ్బతీస్తుంది. ఆ నిర్ణయాలన్నీ ముందే, తీరిగ్గా ఉన్నప్పుడు తీసేసుకోవాలి.

మొదటిది ప్లాన్. ఫోన్‌లో దొరికే పదహారు వారాల ప్లాన్ జబ్బు లేని, ఆన్-కాల్ లేని మనిషి కోసం రాసింది. మీరు గత మూడు నెలల్లో అన్నిటికన్నా చెడ్డ వారం ఏదో చూడండి. ఆ వారం ఎన్ని రోజులు పొద్దున్నే లేవగలిగారు? రెండా? అయితే మీ ప్లాన్‌కి పునాది రెండు రన్‌లే. మూడోది, నాలుగోది కుదిరితే చేస్తారు, కుదరకపోతే పోయింది. పోయిన రన్‌ని ఆదివారం నెత్తిన వెయ్యకూడదు.

ఒక కేసు వేసి చూద్దాం. సపోర్ట్ ప్రాజెక్ట్‌లో పనిచేసే 42 ఏళ్ల మనిషి. వారానికి 34 కిలోమీటర్లు, తర్వాత 36 చేశాడు. రిలీజ్ వచ్చింది, రెండు వారాలు రాత్రిళ్లు కూర్చున్నాడు: 12, 10. ఐదో వారం తీరిక దొరికింది, ప్లాన్ తెరిచాడు. అక్కడ 40 అని ఉంది, చేసేశాడు. నాలుగు వారాల సగటు తీస్తే 23. అంటే కాళ్లకు అలవాటైంది 23 దగ్గర ఉంటే, పడిన బరువు 40. మరో పది రోజులకు మడమ వెనక పిక్క నరం పట్టేసింది. అతను 25 దగ్గర మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో పాత లెక్కకు వచ్చి ఉంటే సరిపోయేది. వెనకబడ్డ ప్రాజెక్ట్‌కి వీకెండ్ కూర్చుని కవర్ చెయ్యడం మనకు అలవాటు. ఆ అలవాటు కాలి దగ్గర పనిచెయ్యదు.

రెండోది మందుల చీటీ. ట్రైనింగ్ ప్లాన్ పక్కన దాన్ని పెట్టుకుని చదివేవాళ్లు చాలా తక్కువ. స్ట్రిప్ మీద పెద్దక్షరాల్లో ఉండే బ్రాండ్ పేరు వదిలెయ్యండి, కింద చిన్నక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చూడండి. ఒకే బిళ్లలో రెండు మూడు మందులు కలిపి ఉండడం మన దగ్గర మామూలే.

షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతుంటే పరుగులో షుగర్ బాగా పడిపోయే భయం తక్కువ. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, ఇన్సులిన్ ఉంటే ఆ భయం నిజమైనదే. వోగ్లిబోస్ కూడా ఉంటే ఇంకో మెలిక ఉంది. అది మామూలు పంచదార అరగడాన్ని ఆలస్యం చేస్తుంది. కాబట్టి షుగర్ పడిపోయినప్పుడు చాక్లెట్, బిస్కెట్, పంచదార నీళ్లు వెంటనే పనిచెయ్యవు. గ్లూకోజ్ పౌడరో, గ్లూకోజ్ టాబ్లెట్లో జేబులో ఉండాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మందులు షుగర్‌ని, దాంతో నీటిని మూత్రంలోకి పంపేస్తాయి. గంటల తరబడి పరుగు, సరిగా తినకపోవడం, ఒంట్లో నీరు తగ్గడం కలిస్తే, మీటర్‌లో షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోఅసిడోసిస్ రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే అలసటేలే అని పడుకోకండి, ఆసుపత్రికి వెళ్లి ఈ మందు పేరు చెప్పండి. రేసుకు ముందు దీన్ని ఆపాలా, ఎన్ని రోజుల ముందు అన్నది డాక్టర్‌నే అడగాలి. ఏ మందూ మీ అంతట మీరు ఆపొద్దు.

బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి వాడేవాళ్లకు గుండె వేగం పైకి పోదు. వాచ్ చూపించే హార్ట్‌రేట్ జోన్లు మీకు పనికిరావు. పరుగెత్తుతూ రెండు వాక్యాలు మాట్లాడగలుగుతున్నారా లేదా, అదే మీ కొలత. టెల్మిసార్టాన్, దాంతో కలిపి నీటిబిళ్ల వాడేవాళ్లు స్టార్ట్ లైన్ దగ్గర డైక్లోఫెనాకో, ఐబుప్రోఫెనో, అసెక్లోఫెనాకో మింగితే అది నేరుగా కిడ్నీల మీద పడుతుంది. పైగా చెమటకు నీరు పోతుంటుంది. పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకోవడం బీపీ లేనివాళ్లకూ మంచిది కాదు, మీకు మాత్రం పూర్తిగా నిషిద్ధం. నొప్పి మాత్ర లేకుండా మొదలుపెట్టలేని పరిస్థితి ఉందంటే ఆ రోజు రేసు లేదు, అంతే.

ఇంకొకటి కూడా చెప్పాలి. విరేచనాలు పట్టుకోగానే మెడికల్ షాపుకి వెళ్లి అడిగి తెచ్చుకునే సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ రకం యాంటీబయాటిక్స్ టెండన్లను దెబ్బతీసే అవకాశం ఉంది. మడమ వెనకది తెగిన కేసులూ ఉన్నాయి. అమెరికా ఎఫ్‌డీఏ 2008లోనే వీటి మీద తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. డాక్టర్ రాస్తే వాడండి, కానీ లాంగ్ రన్‌లు చేస్తున్నానని ఆయనకు ముందే చెప్పండి.

షుగర్ పడిపోవడం దగ్గర కొంచెం ఆగాలి. మామూలుగా చెమట, వణుకు, గుండెదడ చూసి గుర్తుపడతాం. పరుగులో చెమట, దడ ఎలాగూ ఉంటాయి. కాబట్టి వేరే గుర్తులు పెట్టుకోవాలి: ఉన్నట్టుండి పేస్ పడిపోవడం, పక్కవాళ్ల మీద విసుగు, కిలోమీటర్ల లెక్క తప్పడం. గ్లూకోమీటర్ వెంట ఉంటే ఒక జాగ్రత్త. ఎనర్జీ జెల్ ప్యాకెట్ చింపిన వేలికి జిగురు అంటుకుని ఉంటుంది. ఆ వేలి మీదే గుచ్చితే ఆ తీపి కూడా కలిసి రీడింగ్ ఎక్కువ వస్తుంది. 65 ఉన్న మనిషి 140 చూసి ధైర్యంగా ముందుకు పోతాడు. వేలు నీళ్లతో కడిగి, తుడిచి, అప్పుడు గుచ్చాలి. చేతికి సెన్సర్ పెట్టుకున్నవాళ్లు కూడా, పరుగులో అది రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడి చెప్తుందని గుర్తుంచుకోవాలి.

ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడేవాళ్లు షుగర్ 90 కంటే తక్కువ ఉంటే ముందు తిని, ఆ తర్వాతే మొదలుపెట్టాలి. దారిలో 70 కంటే కిందికి పడితే ఆగి 15 గ్రాముల గ్లూకోజ్, అంటే దాదాపు మూడు చెంచాల పౌడర్, తీసుకుని పదిహేను నిమిషాలు కూర్చుని మళ్లీ చూసుకోవాలి. నడుస్తూ చూద్దాంలే అనుకోవద్దు. టైప్ 1 వాళ్లు 250 దాటి ఉంటే కీటోన్లు చూసుకోకుండా షూ వెయ్యకూడదు. పరుగుకు ముందు తొడకు ఇన్సులిన్ తీసుకుంటే అది తొందరగా ఎక్కుతుంది. ఇన్సులిన్ పెన్ను కారు డాష్‌బోర్డులో వదిలితే, మే నెల ఎండలో అది చెడిపోయిందనే లెక్క.

అసలు ప్రమాదం చాలాసార్లు పరుగులో రాదు, ఆఫీసులో వస్తుంది. పొద్దున్నే 18 కిలోమీటర్లు చేసి, స్నానం చేసి, రెండు ఇడ్లీలు తిని తొమ్మిదిన్నరకు స్టాండప్‌లో కూర్చుంటారు. క్లయింట్ కాల్ లంచ్‌ని మింగేస్తుంది. కండరాలు ఖర్చయిన చక్కెరని సాయంత్రం దాకా, ఒక్కోసారి మర్నాటి దాకా రక్తంలోంచి లాక్కుంటూనే ఉంటాయి. మందు పని మందు చేస్తూనే ఉంటుంది. నాలుగు గంటలకు బుర్ర మొద్దుబారుతుంది, నిద్ర చాలలేదేమో అనుకుంటారు. అదే స్థితిలో ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు నడుపుతారు. లాంగ్ రన్ ఉన్న రోజు లంచ్ టైమ్‌ని కాలెండర్‌లో బ్లాక్ చెయ్యండి. కారణం ఎవరికీ చెప్పనక్కర్లేదు. బండి తీసే ముందు ఒకసారి, పడుకునే ముందు ఒకసారి చూసుకోండి.

పాదాల సంగతి కూడా దీంతో కలిసిందే. షుగర్ పాతబడ్డవాళ్లకు అరికాలి స్పర్శ తగ్గి ఉండొచ్చు. బొబ్బ లేచినా తెలియదు. ప్రతి లాంగ్ రన్ తర్వాత ఫోన్‌తో అరికాళ్లు, వేళ్ల సందులు ఫోటో తీసి చూసుకోండి. ఇది అతిజాగ్రత్త కాదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లి "పరుగెత్తొచ్చా?" అని అడిగితే "వద్దు" అంటారు. పది నిమిషాల ఓపీలో ఆయనకు అది సేఫ్. ఒక కాగితం మీద వారానికి ఎన్ని కిలోమీటర్లు, ఎంతసేపు, ఏ టైమ్‌కి, ఏం తిని, రేసు తేదీ ఏది అని రాసుకెళ్లండి. పరుగు రోజు ఏ మందు ఎంత మార్చాలి, ఏ రీడింగ్‌కి ఆపాలి, గుండెకు ఏ పరీక్షలు కావాలి, కళ్లు, కిడ్నీలు ఎలా ఉన్నాయి అని అడగండి. ఇలా అడిగితే చాలామంది డాక్టర్లు కూర్చుని చెప్తారు. అయినా వద్దంటే ఎందుకో అడగండి. రెటీనా దెబ్బతిందనో, గుండెలో తేడా ఉందనో అంటే వాదించకండి.

నొప్పుల్లో కండరం నొప్పిని, ఎముక నొప్పిని ఒకే గాటన కట్టొద్దు. పిక్క, తొడ పట్టేసి, కదిలాక సర్దుకుని, మర్నాటికి పెరగకుండా ఉంటే దూరం తగ్గించి నెట్టుకురావచ్చు. ముంగాలి ఎముక మీదో, పాదం మీదో ఒక వేలితో నొక్కితే సరిగ్గా అదే చోట నొప్పి, ఒంటికాలి మీద గెంతితే నొప్పి, పడుకున్నా సలుపు ఉంటే అది స్ట్రెస్ ఫ్రాక్చర్ కావచ్చు. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనబడకపోవడం మామూలే. ఎక్స్‌రే బాగుందని ఆ వారమే 20 కిలోమీటర్లకు బయల్దేరినవాళ్లు తర్వాత నెలల తరబడి కూర్చుంటారు. వానాకాలంలో మోకాళ్లు, చీలమండలు రెండు వైపులా పట్టేస్తే ఈమధ్య జ్వరం వచ్చిందేమో గుర్తుచేసుకోండి. చికున్‌గున్యా నొప్పులు నెలలు ఉండొచ్చు, షూ మార్చినా తగ్గవు. జ్వరంలో పరుగెత్తడం ఎవరికీ పనికిరాదు, గుండె కండరానికి వాపు రావచ్చు. డెంగీ అయితే ప్లేట్‌లెట్లు పెరిగాయనగానే ట్రైనింగ్‌లోకి దిగొద్దు.

ఆస్తమా వాళ్లకు ఒక్క మాట. పరుగుకు పావుగంట ముందు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ తీసుకోమని డాక్టర్ చెప్పి ఉండొచ్చు. మధ్యలో మళ్లీ మళ్లీ అవసరమవుతోందంటే ట్రైనింగ్ కాదు, ట్రీట్‌మెంట్ చూసుకోవాలి.

ఇక తప్పుకోవడం గురించి. ఇథియోపియా రన్నర్ హైలే గెబ్రెసెలాసీకి ఆస్తమా. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అక్కడి గాలి తనకు పడదని మారథాన్ నుంచి ముందే తప్పుకున్నాడు. 10,000 మీటర్లు మాత్రం పరుగెత్తి ఆరో స్థానంలో వచ్చాడు. ఒలింపిక్ మారథాన్ అయిన ఐదు వారాలకు బెర్లిన్‌లో 2 గంటల 3 నిమిషాల 59 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టాడు. మనం రికార్డులు కొట్టేదేమీ లేదు కాబట్టి తప్పుకోవడం మనకు ఇంకా తేలిక కావాలి. కానీ కాదు, ఎందుకంటే ఆఫీసులో అందరూ అడుగుతారు. అందుకే రూల్స్ నెల ముందే కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వండి. రేసుకు వారం ముందు జ్వరం వస్తే డీఎన్‌ఎస్, అంటే అసలు మొదలుపెట్టకపోవడం. రేసు పొద్దున షుగర్ ఫలానా నంబర్ దాటితే డీఎన్‌ఎస్. దారిలో రెండోసారి షుగర్ పడిపోతే అక్కడితో ఆపి అంబులెన్స్ దగ్గరికి. ఫుల్ నుంచి హాఫ్‌కి మారాలంటే జూన్‌లోనే నిర్వాహకులకు రాయండి, ఆగస్టులో వినరు.

రేసు రోజు నెక్లెస్ రోడ్ నుంచి గచ్చిబౌలి దాకా ఫ్లైఓవర్లు మిమ్మల్ని పరీక్షిస్తాయి. ఎక్కేటప్పుడు నడవండి. నీళ్ల విషయంలో రెండు వైపులా తప్పు జరుగుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తగ్గి ఉంది. దారిలో బరువు పెరిగేంతగా తాగినవాళ్లలో, నాలుగు గంటలు దాటినవాళ్లలో ఇది ఎక్కువ. ప్రతి స్టేషన్‌లో గ్లాసు ఎత్తాలని లేదు, దాహానికి తాగండి. బిబ్ వెనక మెడికల్ వివరాల గడి ఖాళీగా వదలొద్దు: జబ్బు, మందులు, ఇంటి నంబర్ బాల్‌పెన్‌తో రాయండి, జెల్ పెన్ అయితే చెమటకు పోతుంది. ఆఫీసు టీమ్‌లో మీ పక్కన పరుగెత్తే ఒక్కరికైనా జబ్బు సంగతి, గ్లూకోజ్ ఏ జేబులో ఉందన్న సంగతి తెలియాలి. హెచ్‌ఆర్‌కి తెలియనక్కర్లేదు.

సోమవారం సెలవు ముందే పెట్టుకోండి, కనీసం హాఫ్ డే. ఆదివారం రాత్రి నిద్రలో షుగర్ పడే అవకాశం ఎక్కువ. మంచం పక్కన గ్లూకోజ్ ఉండాలి, తెల్లవారుజామున రెండు మూడు గంటల మధ్య ఒకసారి లేచి చూసుకునేలా అలారం పెట్టాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు రాత్రి డోసు ఎంత తగ్గించాలో డాక్టర్‌తో ముందే మాట్లాడి ఉండాలి. మర్నాడు మూత్రం కోకాకోలా రంగులో వచ్చినా, బాగా తగ్గిపోయినా ఆఫీసుకు కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.