వివాహ ఛాయాచిత్రములు: పచ్చి ప్రతియా, కుదించిన ప్రతియా?



పరీక్షలో తప్పినవాడు మరల పరీక్షకు గూర్చుండవచ్చును. పైరు చెడిన రైతు మఱుసటి యేట విత్తవచ్చును. కాని వివాహమునందు వధూవరులు పీటలమీద గూర్చుండిన క్షణమును ఛాయాచిత్రము కొఱకు మరల రప్పించుట యెవరి తరమును గాదు. మా పూర్వవిద్యార్థులలో గొందఱు పెండ్లి ఫోటోలు తీయుటయే జీవనోపాధిగా గైకొనియున్నారు. “కెమేరాలో బొమ్మను ‘రా’ అనబడు పచ్చి రూపమున నిలుపుకొనవలయునా, ‘జేపెగ్’ అనబడు కుదించిన రూపమున నిలుపుకొనవలయునా?” అని వారు మమ్ము దఱచుగా నడుగుచుందురు. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు ఆ రెండును ఎట్లు పుట్టునో విచారింతము.

కెమేరాలోని సెన్సారు అసంఖ్యాకములైన సూక్ష్మబిందువులతో గూడిన పలక. ప్రతి బిందువును తనపై బడిన వెలుతురు ఎంతయో కొలుచునేగాని దాని రంగు నెఱుగదు. అందుచే నొక్కొక్క బిందువుపై ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వడపోతలలో నొకటి యమర్చబడును. సగము బిందువులకు ఆకుపచ్చయు, పాతిక వంతునకు ఎఱుపును, పాతిక వంతునకు నీలమును ఉండును. ఈ యమరికకు కొడాక్ సంస్థలో బనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందెను. నేటి కెమేరాలలో బెక్కింటికి ఇదియే యాధారము.

ఈ కొలతలను వండక వార్చక, దాదాపు ఉన్నవున్నట్లు దాచిన యెడల అది పచ్చి ప్రతి యగును. కెమేరాయే ఆ కొలతలనుండి రంగులను నిర్ణయించి, వెలుగునీడలను దిద్ది, అనవసరమని తోచిన వివరములను విడిచి దాచిన యెడల అది జేపెగ్ ప్రతి యగును. జేపెగ్ ప్రమాణము 1992లో నంగీకరింపబడినది. బొమ్మను 8 అడ్డు, 8 నిలువు చొప్పున 64 బిందువుల గడులుగా విభజించి, మన కన్ను అంతగా గుర్తింపలేని సూక్ష్మభేదములను తగ్గించుట దాని పద్ధతి. ఈ పద్ధతికి మూలమైన గణితమును నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు అను మువ్వురు 1974లో ప్రకటించిరి.

బియ్యమునకును అన్నమునకును గల భేదమే ఈ రెంటికిని గలదని తలంపుడు. అన్నము వెంటనే వడ్డింపవచ్చును. కాని ఉప్పెక్కువైన యెడల దీయలేము, అన్నము తిరిగి బియ్యము కాజాలదు. బియ్యమును ఎట్లు కావలసిన నట్లు వండవచ్చును. కాని అతిథి ముందు బియ్యము పెట్టలేము గదా!

ఇక లెక్క చూతము. జేపెగ్‌లో నొక్కొక్క రంగునకు 8 బిట్లు, అనగా 256 మెట్లు. 14 బిట్ల పచ్చి ప్రతిలో 16,384 మెట్లు. ఈ మెట్లన్నియు కంటికి వేఱువేఱుగా గనబడునని కాదు. చీకటిగానున్న భాగమును దరువాత వెలిగింపవలసినపుడును, తప్పిన రంగును సరిచేయవలసినపుడును ఇవి యక్కఱకు వచ్చును. మెట్లు చాలని చోట చర్మపు ఛాయ మచ్చలు మచ్చలుగా విడిపోవును.

దీనికి మేము కన్నులార జూచిన దృష్టాంత మొకటి కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా బంధువుల యింట వివాహము జరిగెను. ఛాయాగ్రాహకుడు వెలుపల యెండలో బొమ్మలు దీసి, అదే యమరికతో పచ్చని బల్బుల కాంతిగల హాలులోనికి వచ్చెను. జేపెగ్ మాత్రమే దాచుచుండెను. వధువు కట్టిన తెల్లని పట్టుచీర పసుపులో ముంచినట్లు కనబడెను. బల్బు వెలుతురులో నీలము మిక్కిలి తక్కువ. ఆ కొంచెమును జేపెగ్‌లో మఱింత తఱిగిపోయెను. ఎంత దిద్దినను ముఖములు సహజవర్ణమునకు రాలేదు. అందు వధువును అవ్వ యాశీర్వదించుచున్న బొమ్మ యొక్కటియే యుండెను. రెండు మాసములలో నామె కాలముచేసెను. ఆ యింటివారు దానిని నలుపుతెలుపులలో ముద్రింపించి గోడకు దగిలించుకొనిరి. పచ్చి ప్రతి యుండినచో తెలుపు నిర్ణయము కెమేరా వ్రాసిపెట్టిన సూచన మాత్రమై యుండెడిది. దానిని దరువాత నిరాటంకముగా మార్చియుందురు.

అయినను పచ్చి ప్రతి సర్వరోగ నివారిణి కాదు. తప్పిన ఫోకసును, కదలి మసకబారిన బొమ్మను అదియు సరిచేయజాలదు. మితిమీరిన వెలుతురుచే సెన్సారే నిండిపోయిన చోట చీర యంచు అందును ఉండదు. మఱియు భారము కలదు. పచ్చి ప్రతి యొకటి 30 మెగాబైట్లు, జేపెగ్ 10 మెగాబైట్లు అనుకొందము. ఒక పెండ్లికి 2,000 బొమ్మలు తీసిన యెడల మొదటి దానికి 60,000, రెండవ దానికి 20,000 మెగాబైట్ల చోటు వలయును. తలంబ్రాల వేళ గుక్కతిప్పుకొనక నొక్కుచున్నప్పుడు పచ్చి ప్రతులతో కెమేరా కొంతసేపు ఆగిపోవుటయు గలదు. నికాన్, కానన్, సోనీ కెమేరాల పచ్చి ప్రతులు వేఱువేఱు విధములైనందున వానిని దెఱచుటకు దగిన సాధనము కంప్యూటరులో నుండవలయును.

కావున మా యభిప్రాయ మిది. వెలుతురు స్థిరముగా నుండి, బొమ్మలను ఆనాడే దూరదేశపు బంధువులకు బంపవలసియున్నచో జేపెగ్ చాలును. ముహూర్తము రాత్రివేళయై, వెలుతురు గడియకొక విధముగా మాఱుచున్నచో పచ్చి ప్రతియే శరణ్యము. చోటున్నచో రెండును దాచుట యుత్తమము: జేపెగ్ నేటికి, పచ్చి ప్రతి రేపటికి. ఇంటివారికి అప్పగించునది మాత్రము జేపెగ్గే. దానిని దెఱచి చూచుటవలనను, మాఱు ప్రతి తీయుటవలనను నష్టము లేదు. దిద్ది మరల మరల భద్రపఱచుటవలననే కొంచెము కొంచెము చెడును. కనుక మూలప్రతిని ముట్టక దాచి, మాఱు ప్రతిమీదనే దిద్దవలయును. ఏ రూపమున దాచినను రెండు చోట్ల దాచుడు. ఒకచోట నున్నది పోయిన యెడల రూపభేదముల విచారమే వ్యర్థము.

అభ్యాసము: ఇంట బల్బు క్రింద నొక తెల్లని గుడ్డను, ఒక మనుష్యుని నిలిపి, కెమేరాను ఎండ కనువుగా నమర్చి, ఒకే బొమ్మను రెండు రూపములందును దీయుడు. పిమ్మట రెంటిలోను గుడ్డను తెలుపునకు దెచ్చుటకు యత్నించి, ఆ మనుష్యుని ముఖమును బరిశీలింపుడు. మేమింతవఱకు వ్రాసినదంతయు ఆ ముఖమే మీకు బోధించును. ఆ పాఠమును మీ యింట, బల్బు క్రింద నేర్చుకొనుడు. పరుల పెండ్లిలో నేర్చుకొనకుడు.