పదును

విశాఖపట్టణమునకు నైరుతి దిశయందు ఉక్కునగరము కలదు. ఉక్కు కర్మాగారమును విశాఖలో స్థాపింపవలెనని 1966వ సంవత్సరమున ఆంధ్రదేశమంతట గొప్ప ఉద్యమము సాగెను. అందు 32 మంది ప్రాణములు కోల్పోయిరి. 1971 జనవరి 20వ తేదీన నాటి ప్రధాని ఇందిరాగాంధి శంకుస్థాపన చేసిరి. 1992 ఆగస్టు 1వ తేదీన ప్రధాని పి. వి. నరసింహారావు కర్మాగారమును జాతికి అంకితము చేసిరి. అందు పనిచేయువారి నివాసములకై వెలసినదే ఉక్కునగరము.

అయితే ఉక్కు పుట్టెడి ఊరిలోనైనను వంటయింటి కత్తి మొద్దుబారక మానదు. మొద్దుకత్తితో టమాట కోయబోయిన తల్లి, అది తెగకపోవుటచే మరింత గట్టిగా నొక్కును. కత్తి కాయపై జారి వ్రేలిపై పడును. పదునైన కత్తి ప్రమాదకరమని మనము తలచుచుందుము. నిజమునకు పదును లేని కత్తి మరింత ప్రమాదకరము. పదును గల కత్తికి స్వల్పబలము చాలును. అది మన చెప్పుచేతలలో నుండును.

కత్తికి వెన్ను, అలుగు, వాదర అని భాగములు కలవు. అలుగు ఇరుప్రక్కలు సన్నగిల్లుచు వచ్చి కలిసికొను రేఖయే వాదర. ఆ రేఖ ఎంత సన్ననిదైన కత్తి అంత పదునుగా తెగును. ఎముకకో, గట్టిపలకకో తగిలినపుడు వాదర కొంత వంగును, కొంత అరిగి గుండ్రనగును. దీనినే మొక్కవోవుట యందురు. మొక్కవోని ధైర్యము అను పలుకుబడి ఇందుండి పుట్టినదే.

అన్ని ఉక్కులును ఒక్కటి కావు. ఇనుములో కలిసిన కర్బనమును బట్టి ఉక్కు గుణము మారును. ఇండ్ల కప్పులలో వేయు ఊచలలో కర్బనము నూటికి పావు పాలు మాత్రమే యుండును. అవి వంగును గాని విరుగవు. మంచి కత్తిలో అది నూటికి అరపాలు మొదలు ఒక పాలు వరకు ఉండును. అట్టి ఉక్కును ఎఱ్ఱగా కాల్చి నీటనో నూనెలోనో ముంచిన మిక్కిలి గట్టిపడును. ఈ విద్య మన పూర్వులకు క్రొత్త కాదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున కమ్మరులు మూసలలో ఉక్కును కరగించి తయారుచేసెడివారు. దానిని కొనుటకు పారశీక వర్తకులు అంతదూరము వచ్చెడివారని 1832లో ప్రకటింపబడిన వాయిసీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుని వ్రాతవలన తెలియుచున్నది.

ఇంత గట్టి ఉక్కును అరగదీయునది ఏది? దానికంటె గట్టిది. ఖనిజముల గట్టిదనమును 1 మొదలు 10 వరకు కొలుచు పద్ధతిని మోస్ అను జర్మను పండితుడు 1812లో ఏర్పరచెను. అందు వజ్రము 10, కురువిందము 9, ఇసుకలోని స్ఫటికము 7. కాచి గట్టిపరచిన ఉక్కు ఇంచుమించు ఆరున్నర. కావుననే ఇసుకరాయిపై నూరినను కత్తి పదునెక్కును. మన దేశపు పనివారు కురువిందపు పొడిని లక్కతో కలిపి సానచక్రములు చేసెడివారు. ఆంగ్లమున ఈ ఖనిజమునకు గల కోరండమ్ అను పేరు మన దక్షిణదేశపు మాటనుండి వెళ్లినదే. 1891లో అమెరికాలో అచేసన్ అను నతడు కార్బొరండమ్ అను కృత్రిమపదార్థమును కనుగొనెను. నేటి సానరాళ్లు పెక్కింటిలో దాని రేణువులో, కృత్రిమ కురువిందపు రేణువులో ఉండును.

వీధులలో సానపట్టువాడు చక్రము త్రిప్పుచుండ నిప్పురవ్వలు రాలుట మీరు చూచియుందురు. చక్రము వేగముగా తిరుగుటచే వాదర వేడెక్కును. ఆ వేడిమి మూడువందల డిగ్రీలకు సమీపించిన ఉక్కు నీలిరంగు పొందును. అచట గట్టిదనము తగ్గి, పెట్టిన పదును త్వరలోనే పోవును. నేర్పరియైన పనివాడు తేలికగా నానించి, మాటిమాటికి నీటిలో ముంచును.

నీరు కత్తినే కాక మనుష్యుని గూడ కాపాడును. కత్తులకు పేరుపొందిన ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున, 19వ శతాబ్దమున, పొడిరాతిపై ఫోర్కులు నూరినవారు రాతిధూళి పీల్చి, ఊపిరితిత్తులు చెడి, యౌవనములోనే మరణించిరి. తడిరాతిపై పనిచేసినవారు వారికంటె ఎక్కువకాలము బ్రతికిరి. మన భోజనపుబల్లపై మెరయు వస్తువు వెనుక ఎవరి ఊపిరి యున్నదో తలచుట మన విధి.

ఇంటిలో నూరుటకు నీటితో వాడు చదరపు సానరాళ్లు శ్రేష్ఠములు. జపానువారు వీనిని మిక్కిలి ఆదరించిరి. రాతిపై నుండు అంకె పెరిగినకొలది రేణువు సన్నమగును. 1000 అంకె గల రాతిలో రేణువు మిల్లీమీటరులో నూరవవంతుకు కొంచెము మించియుండును. 6000 అంకె గల దానిలో ఇంచుమించు ఐదువందలవవంతు మాత్రమే. మొదటిది వాదరను తీర్చును, రెండవది మెరుగుపెట్టును.

నూరు విధము ఇది. పెద్దలు దగ్గర నుండగనే దీనిని చేయవలెను. నానవలసిన రాయియైన పది పదునైదు నిమిషములు నీట నానబెట్టి, తడిగుడ్డపై కదలకుండ నుంచవలెను. కత్తిని రాతిపై పరచి వెన్నును కొంచె మెత్తవలెను. కత్తి వెడల్పు నాలుగు సెంటీమీటర్లైన, వెన్ను ఒక సెంటీమీటరు లేచిన చాలును. అపుడు ఇంచుమించు పదునైదు డిగ్రీల కోణమేర్పడును. ఆ కోణము చెడకుండ, తేలికగా నొక్కుచు, ముందుకు వెనుకకు నడుపవలెను. తొందరపడిన కోణము చెడును. కోణము చెడిన శ్రమ వ్యర్థము.

కొంతసేపటికి ఆవలి ప్రక్కన సన్నని లోహపు పొర లేచును. దానిని కనుగొనుటకు బొటనవ్రేలిని వెన్ను నుండి వాదర వైపునకు మెల్లగా జార్చవలెనే గాని వాదర పొడవునా ఎన్నడును రాయరాదు. పొర వాదర పొడవునా తగిలినచో ఆ ప్రక్క పూర్తియైనది. అపుడు కత్తిని త్రిప్పి రెండవ ప్రక్క నూరవలెను. పిమ్మట సన్నరాతిపై నొత్తిడి తగ్గించి ఇరుప్రక్కల నూరిన, పొర రాలిపోవును. రాతిపై నేర్పడు బురదను మాటిమాటికి కడుగరాదు. మెరుగుపెట్టునది ఆ బురదయే. కడపట కాగితమును కోసి చూడవలెను. చిరుగక నున్నగా తెగిన పదును కుదిరినట్లే.

కత్తిపీటకు మాత్రము పద్ధతి వేరు. దాని అలుగు వంపు తిరిగి పీటకు బిగిసియుండును. కావున పీటను కదలకుండ నిలిపి, చిన్నరాతిని తడిపి వాదర వెంట నడుపవలెను. విశాఖ చేపలరేవులో చేపలు కోసి జీవించు స్త్రీలకు ఆ పదునే జీవనాధారము. కత్తి తెగనినాడు పని సాగదు, చేయి తెగినచో మరునాడు పనియే లేదు.

నూరగా నూరగా రాయియు నడుమ గుంటపడును. దానిని చదునైన బండపై ఇసుకకాగితము పరచి రుద్ది సమము చేయవలెను. కత్తిని కడిగి తుడిచి యారబెట్టవలెను. ఒకరికి ఇచ్చునపుడు పిడిని వారివైపు త్రిప్పి యీయవలెను.

కర్మాగారములో పుట్టిన ఉక్కుకు పదును పుట్టుకతో రాదు. ఒకరు కూర్చుండి, ఓపికతో, కోణము తప్పక నూరినపుడే వచ్చును, వాడుకలో పోవును, మరల నూరవలెను. ఈ వారము మీ ఇంట కత్తిని ఎవరు నూరుచున్నారో గమనింపుడు. వారిచెంత కూర్చుండి చూడుడు. పుస్తకము చెప్పలేని సంగతులు వారి చేతులు చెప్పగలవు.