కరటక దమనకులకు రూపమిచ్చుట: జంతు కార్టూన్ల అభ్యాసము

మన కళాశాల గోడపత్రికకు విద్యార్థులు అందజేసే బొమ్మలలో మిక్కీ మౌస్, టామ్ అండ్ జెర్రీలకు లోటు ఉండదు. గీత శుభ్రముగానే ఉంటుంది, కొలతలు కూడా కుదురుతాయి. కాని క్రింది పేరును చేతితో మూసినచో అది ఎవరి బొమ్మయో మేము చెప్పజాలము. ఇందులో విద్యార్థుల దోషము స్వల్పము. ప్రాణికి రూపకల్పన చేయుట ఎట్లో వారికి బోధించినవారు లేరు.

అనుకరణము తప్పని మేము అనము. ఉర్దూ శాఖలోని మిత్రులకు ఇది బాగుగా తెలియును. ఖుష్‌ఖత్ నేర్చువాడు ఉస్తాదు అక్షరములను ముందుంచుకొని నెలల తరబడి మష్క్ చేస్తాడు. అయితే ఆ మష్క్ కాగితమును ఎవడును తన రచనగా ప్రకటించుకొనడు. 1928 నాటి మిక్కీ చిత్రము 'స్టీమ్‌బోట్ విల్లీ'పై అమెరికాలో హక్కుల గడువు 2023 చివరితో ముగిసినది. చట్టము అనుమతించినంత మాత్రమున ఆ ఎలుక మన చేతి ఎలుక కాబోదు.

శైలి అనగా పుట్టుకతో వచ్చిన వరమని పలువురు భ్రమపడుతుంటారు. ఆ ఎలుకనే పరిశీలించండి. నలుపు తెలుపు చిత్రములలో నల్లని చేయి నల్లని దేహము మీదికి వచ్చినపుడు కనబడదు. అందువలన 1929లో దానికి తెల్లని తొడుగులు వచ్చినవి. తల ఎటు తిరిగినను చెవులు గుండ్రముగానే నిలుచుట గీయువానికి సౌకర్యము. నేడు మనము శైలి అని మెచ్చుకొనునది ఆనాడు ఒక చిక్కుకు దొరికిన పరిష్కారము. మన చిక్కులు వేరు గనుక మన పరిష్కారములు వేరు కావలెను.

ఇక ఉదాహరణమునకు మనకు సన్నిహితమైన పాత్రలనే స్వీకరింతము. చిన్నయసూరి 1853 నాటి 'నీతిచంద్రిక' ద్వారా కరటక దమనకులను ఎరుగని తెలుగు విద్యార్థి అరుదు. ఈ రెండు నక్కలే ఎనిమిదవ శతాబ్దిలో ఇబ్నుల్ ముఖఫ్ఫా అరబ్బీ అనువాదమున కలీలా, దిమ్నాలైనవి. 1429లో హెరాత్ నగరమున యువరాజు బైసున్‌గుర్ కొరకు సిద్ధమైన సచిత్ర ప్రతి నేటికిని ఇస్తాంబుల్‌లో ఉన్నది. మన కళాశాలలోని రెండు భాషల విద్యార్థులకును ఇవి ఇంటి పాత్రలే.

కాని దమనకుని గీయమన్నచో పదింట తొమ్మిదిమంది ఎఱ్ఱని ఒడలు, చీపురు వంటి గుబురు తోక గల జంతువును గీస్తారు. అది ఐరోపా బొమ్మల పుస్తకములలోని నక్క. కథలోని నక్క బూడిద కలిసిన పసుపు వన్నెది. కాళ్ళు సన్నవి, తోక పొట్టిది, దాని కొన నల్లనిది. నక్కను చూచే అవకాశము లేనివారు వీధికుక్కను చూడవచ్చును. రెండును ఒకే ప్రజాతికి చెందిన దగ్గరి బంధువులు.

కుక్క వెనుక కాలిలో వెనుకకు మడత పడినట్లు కనబడే కీలును విద్యార్థులు మోకాలనుకొంటారు. అది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పొట్ట ప్రక్కన, పైభాగమున ఉన్నది. కుక్క ఎల్లప్పుడును మునివ్రేళ్ళపైననే నడుస్తుంది. ఈ ఒక్క సంగతి గ్రహించినచో సగము బొమ్మలు తమంత తామే సరిపడతాయి. నిద్రించుచున్న, గోకుకొనుచున్న, పరుగెత్తుచున్న కుక్కలను ముప్పది పుటలైనను రబ్బరు వాడక గీయవలెను. ఆర్.కె. లక్ష్మణ్ జీవితాంతము కాకులను గీస్తూనే ఉన్నాడు. ఒక్క ప్రాణిని అంతగా చూచినవాని చేతికి అది లొంగుతుంది.

పిదప తీసివేయుట ఆరంభము. తల ఒక కోలగ్రుడ్డు, మొండెము ఒక చింతకాయ, కాళ్ళు నాలుగు పుల్లలు. ఇట్లు తగ్గించుకొనిపోగా ఏ గీతను తొలగించుటకు మీ మనస్సు ఒప్పదో అదియే మీది. ఒకడు చెవులను వదలలేడు, మరొకడు వెన్ను వంపును వదలలేడు. దానినే కొంత పెంచండి, తక్కినవి తగ్గించండి. ఆపై బొమ్మనంతను సిరాతో నల్లగా నింపి దూరమునుండి చూడండి. నీడను చూచి నక్కయని పోల్చుకొనలేనిచో కండ్లు, మీసములు ఎన్ని పెట్టినను ప్రయోజనము లేదు.

కరటకుడు మనకేలయని వారించే స్వభావము గలవాడు. దమనకుడు సింహమునకును ఎద్దునకును నడుమ చిచ్చు పెట్టినవాడు. జాతి ఒక్కటే, గుణములు వేరు. చొక్కాల రంగు మార్చి భేదము చూపుట చవుకబారు ఉపాయమని మా అభిప్రాయము. కరటకుని బరువు వెనుకకు, పిరుదుల మీద ఉండవలెను. దమనకుని బరువు ముందుకు, ముక్కు కొన మీద ఉండవలెను.

ప్రాణుల చిత్రణ విషయమున కొన్ని కుటుంబములలో సంకోచము ఉన్నదని మేమెరుగుదుము. ఇంటివారు వలదన్న విద్యార్థిని ఎవరును బలవంతము చేయరాదు. ఇష్టపడి గీసేవారిని కాలము వృథా చేయుచున్నారని గేలి చేయుటయు తగదు. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము స్వల్పమే. వారమునకు ఒక గంట, ఖాళీ గది ఒకటి, నల్లసిరా, తెల్లకాగితములు చాలును.

ఆ గంట సమకూరులోపల ఈ అభ్యాసము చేసి చూడండి. కరటక దమనకులు ప్రక్కప్రక్కన కూర్చుండగా వెనుకనుండి కనబడునట్లు గీయండి. ముఖములు వద్దు, పేర్లు వద్దు. వారిలో కరటకుడెవడో మీ ప్రక్క బల్లమీది మిత్రుడు చెప్పవలెను.