ఎర్రచందనము

ప్రతి పర్వతపంక్తికిని తనదైన వృక్షమొకటి యుండును. హిమాలయముల పేరు వినగానే దేవదారువు స్ఫురించును. అది మంచు కురియు కొండవాలులలో, చల్లని గాలిలో పెరుగును. తూర్పు కనుమల దక్షిణభాగమునకు అట్టి ప్రఖ్యాతి తెచ్చిన వృక్షము ఎర్రచందనము. ఇది మంచు నెరుగదు. ఎండలో, రాళ్ల నడుమ పుట్టి, అచ్చటనే పెరిగి పెద్దదగును.

కంభము రెండు కొండల వరుసల నడుమ నున్న ఊరు. పడమట నల్లమల, తూర్పున వెలిగొండలు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకు కొండల సందున అడ్డుకట్ట వేసి, విజయనగర రాజుల కాలమున నిర్మించినదే కంభము చెరువు. దాని క్రింది పొలములు వరిపైరుతో పచ్చగా నుండును. అచ్చటినుండి దక్షిణముగా గిద్దలూరు మీదుగా పోయి కొండల నెక్కినచో నేల స్వభావము మారిపోవును. మట్టి పలుచనగును. పలకరాళ్లు, తెల్లని గట్టిరాళ్లు పైకి తేలి కనబడును. కురిసిన వాన నిలువక జారిపోవును. వరికి పనికిరాని ఇట్టి నేలయే ఎర్రచందనమునకు పుట్టినిల్లు. నీరు నిలుచు చోట నీ చెట్టు బ్రతుకజాలదు.

గిద్దలూరు అడవులు, లంకమల, పాలకొండలు, శేషాచలము, వెలిగొండలు, వీని పొరుగుననున్న కొన్ని కొండలు మాత్రమే దీని సహజ నివాసము. తమిళనాడు, కర్ణాటక సరిహద్దులలో కొద్దిగా కనబడును. సముద్రమట్టమునకు సుమారు 150 మొదలు 900 మీటర్ల ఎత్తువరకు ఇది పెరుగును. ప్రపంచమున మరెక్కడను ఇది తనంత తాను పుట్టి అడవిగా పెరుగలేదు.

ఎర్రచందనము మిక్కిలి పొడవైన చెట్టు కాదు. సాధారణముగా పది మీటర్లకు అటునిటుగా నుండును. బెరడు నలుపు కలిసిన గోధుమవన్నె గలది. అది లోతుగా పగిలి చతురస్రపు పెళ్లలుగా విడివడి మొసలి వీపును తలపించును. బెరడుపై గాటు పెట్టినచో ఎర్రని జిగురు స్రవించును. ప్రతి యాకునకును సామాన్యముగా మూడు రెబ్బలుండును. రెబ్బ గుండ్రముగా నుండి, కొనయందు చిన్న నొక్కు కలిగియుండును. దీనికి దగ్గరి చుట్టమైన వేగిస చెట్టునకు రెబ్బలు ఐదు మొదలు ఏడు వరకుండును. అడవిలో తిరుగువారు ఈ గుర్తుతోనే రెంటిని వేరుపరుతురు.

చలికాలము చివర ఆకులన్నియు రాలిపోవును. నీరు దొరకని దినములలో ఆకులుండిన వానిద్వారా తేమ వ్యయమగును గదా! వేసవిలో క్రొత్త చిగుళ్లతోపాటు సువాసనగల పసుపుపచ్చని పూలు పూయును. కాయ బిళ్లవలె గుండ్రముగా నుండి, చుట్టును పలుచని రెక్క కలిగియుండును. గాలి వీచినపుడు ఈ రెక్క సాయముననే కాయ తల్లిచెట్టునకు దూరముగా పోయి పడును. కాయ పెంకు గట్టిది. అందుచే విత్తనములలో మొలకెత్తునవి కొన్నియే. మొలచినవానిలో కొన్ని మేకల పాలగును, కొన్ని కార్చిచ్చున మాడిపోవును. మిగిలినవి నెమ్మదిగా పెరుగును. నరికిన మోడునుండి మరల చిగిర్చు శక్తి యీ చెట్టునకు కలదు.

పేరున చందనమున్నను దీనికి శ్రీగంధమునకుండు పరిమళము లేదు. రెండును వేర్వేరు కుటుంబములకు చెందినవి. దీని విలువ యంతయు చేవయందున్నది. చేవ ముదురు ఎరుపుగా నుండి, నీట వేసిన మునుగునంత బరువైనది. చెదపురుగు దీనిని ముట్టదు. అందుచే పూర్వము ఈ ప్రాంతములలో ఇండ్ల స్తంభములకు దీనిని వాడెడివారు. చేవలోని ఎరుపురంగు నీటిలో కరుగదు, సారాయములో కరుగును. ఆ రంగుకొరకు ఐరోపా దేశములవారు ఒకప్పుడీ కఱ్ఱను ఓడలపై తీసికొనిపోయిరి. జపానువారు షామిసెన్ అను మూడు తీగల వాద్యమునకు మెడగా దీనిని అమర్చుదురు. తిరుపతి ప్రాంతమున దీనితో బొమ్మలు చెక్కుదురు.

ఈ గుణములే చెట్టునకు ముప్పు తెచ్చినవి. చేవ దేరుటకు దశాబ్దములు పట్టును. నరుకుటకు కొన్ని నిమిషములు చాలును. ధనాశచే దొంగచాటుగా నరికి దేశాంతరములకు పంపువారి వలన అడవులు పలుచబడినవి. దొంగరవాణా చేయించువారు లాభము పొందుచుండగా, కూలికి ఆశపడి గొడ్డలి పట్టిన పేదలు చెరసాలల పాలైరి. కొందరు ప్రాణములే కోల్పోయిరి. 1995లో ఎర్రచందనము అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందపు జాబితాలో చేరినది. 2010లో శేషాచలము జీవావరణ రక్షిత ప్రాంతముగా ప్రకటింపబడినది. అటవీశాఖవారు నారు పెంచి నాటించుచున్నారు. రైతులు కొందరు తమ భూములలో పెంచుచున్నారు. అయినను తోటలో నాటిన చెట్టు అడవికి బదులు కాజాలదు. అడవిలో చెట్టుతోపాటు దాని పూలకు వచ్చు తేనెటీగలు, దాని వేళ్లు పట్టియుంచిన పలుచని మట్టి, దాని నీడన మొలచు మొక్కలు కూడ నుండును.

దేవదారువు ఆఫ్ఘనిస్తానము మొదలు నేపాళము వరకు వ్యాపించియున్నది. ఒక లోయలో నశించినను మరియొక లోయనుండి విత్తనము తెచ్చుకొనవచ్చును. ఎర్రచందనమునకు అట్టి రెండవ ఇల్లు లేదు. గిద్దలూరు మొదలు తిరుమల వరకు గల యీ రాతికొండలే దాని లోకము. ఇచ్చటి అడవి తరిగిపోయినచో తిరిగి తెచ్చుకొనుటకు వేరొక అడవి భూమిపై లేదు. కావున దీనిని కాపాడు భారము ముందుగా ఈ కొండల నీడన నివసించువారిదే.